పాపకు ఎయిర్ పిస్టల్: చవకది ఇప్పుడే కొనాలా, మంచిదాని కోసం డబ్బు కూడబెట్టాలా?

ప్రశ్న: మాది చిత్తూరు. మా అమ్మాయి తిరుపతిలో అమ్మమ్మగారింట్లో ఉండి తొమ్మిదో తరగతి చదువుతోంది. ఏడాదిగా అక్కడే ఒక షూటింగ్ రేంజిలో 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ నేర్చుకుంటోంది. రేంజివాళ్ల పిస్టల్‌తోనే కాలుస్తోంది, 600కు 520 దాకా వస్తోంది. సొంత పిస్టల్ కావాలని ఒకటే గొడవ. షాపులో 30 వేలకు స్ప్రింగ్ పిస్టల్ ఒకటి చూపించారు. కోచ్ మాత్రం ఆగి, రెండు లక్షల దాకా పెట్టి విదేశీ పిస్టల్ కొనమంటున్నారు. నా దగ్గర 45 వేలున్నాయి, నెలకు 5 వేలు దాచగలను. అమెరికాలో ఉన్న మా బావమరిది అక్కడ కొని తెస్తానంటున్నాడు. ఏం చేయమంటారు?

సమాధానం:

ముందు నా అభిప్రాయం చెప్పేస్తానండి, కారణాలు తర్వాత. ఆ 30 వేల స్ప్రింగ్ పిస్టల్ కొనకండి. రెండు లక్షలదీ ఇప్పుడు వద్దు. పాపను ఇంకొన్నాళ్లు రేంజి పిస్టల్‌తోనే కాల్చనివ్వండి, కాకపోతే దానికి ఆమె చేతికి సరిపోయే సొంత గ్రిప్, అంటే పట్టుకునే పిడి, ఒకటి తీసుకోండి. ఆ తర్వాత కొనాల్సి వస్తే వాడిన మ్యాచ్ పిస్టల్, అంటే పోటీల కోసం తయారైన రకం, చూడండి. మీ 45 వేలు ఎక్కడికీ పోవు.

ఇప్పుడు 520 అంటే ఏమిటో చూద్దాం. 60 షాట్లకు 520 అంటే షాటుకు సగటున 8.67. ఎయిర్ పిస్టల్ టార్గెట్‌లో పది రింగు వ్యాసం 11.5 మిల్లీమీటర్లు. అక్కడి నుంచి ఒక్కో రింగు 16 మిల్లీమీటర్ల చొప్పున పెరుగుతూ పోతుంది, అంటే తొమ్మిది రింగు 27.5, ఎనిమిది 43.5. మంచి స్థితిలో ఉన్న మ్యాచ్ పిస్టల్‌ను బల్లకు బిగించి 10 మీటర్ల నుంచి ఐదు పెల్లెట్లు (ఇందులో వాడే చిన్న గుళ్లు) కాలిస్తే అన్నీ దాదాపు ఒకే రంధ్రంలోంచి పోతాయి. కొత్తదైనా పదేళ్ల పాతదైనా ఇందులో చెప్పుకోదగ్గ తేడా ఉండదు. మీ పాప షాట్లు ఏడులోకీ ఎనిమిదిలోకీ వెళ్తున్నాయంటే ఆ చెదురు పిస్టల్‌ది కాదు, చేతిది, చూపుది, ట్రిగ్గర్ మీది వేలిది.

ఇంకో లెక్క కూడా చెబుతాను, ఎందుకంటే తల్లిదండ్రులకు ఇది చెప్పేవాళ్లు తక్కువ. ఈ పిస్టళ్లలో గురి చూసుకోవడానికి ఉండే ముందు సైటుకూ వెనక సైటుకూ మధ్య దూరం సుమారు 33 సెంటీమీటర్లు. టార్గెట్ 10 మీటర్ల దూరంలో ఉంటుంది. అంటే సైట్ల వరసలో వచ్చిన తప్పు టార్గెట్ దగ్గరికి వెళ్లేసరికి 30 రెట్లవుతుంది. ముందు సైటు ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగితే పెల్లెట్ 3 సెంటీమీటర్లు పక్కకు పోతుంది. పది పడాల్సిన చోట ఏడు పడుతుంది. అదే, సైట్లు సరిగ్గా వరసలో ఉండి చెయ్యి మొత్తం అదే ఒక్క మిల్లీమీటరు పక్కకు ఊగితే, టార్గెట్ మీద కూడా తప్పు ఒక్క మిల్లీమీటరే. అందుకే కోచ్‌లు టార్గెట్ మీది నల్ల చుక్కను వదిలేసి ముందు సైటును చూడమని గొంతు పోయేలా అరుస్తారు. ఈ అలవాటు రెండు లక్షల పిస్టల్‌తో రాదు, సాధనతోనే వస్తుంది.

అలాగైతే చవకదానితో సాధన చేస్తే సరిపోతుంది కదా అంటారేమో. పిస్టల్ స్కోరు పెంచకపోవచ్చు గానీ చెడగొట్టగలదు. ఇక్కడే స్ప్రింగ్ పిస్టల్ మీద నా అభ్యంతరం.

స్ప్రింగ్ పిస్టల్‌లో ట్రిగ్గర్ నొక్కగానే లోపల బరువైన పిస్టన్ ముందుకు దూసుకెళ్లి ఆగుతుంది. పెల్లెట్ ఇంకా గొట్టంలో ఉండగానే పిస్టల్ ముందుకీ వెనక్కీ కుదుపుతుంది. ఆ కుదుపును అణచడానికి పిల్లలు తెలియకుండానే గట్టిగా పట్టుకోవడం, ట్రిగ్గర్‌ను గబుక్కున లాగడం మొదలుపెడతారు. రేంజిలో ఆమె వాడేది గాలి సిలిండర్ ఉన్న మ్యాచ్ పిస్టలే అయితే, అందులో ఈ కుదుపు దాదాపు ఉండదు. పొద్దున ఒక రకం, సాయంత్రం ఇంకో రకం కాలిస్తే రెండూ రావు. ఇక ట్రిగ్గర్ సంగతి. నిబంధనల ప్రకారం ఎయిర్ పిస్టల్ ట్రిగ్గర్ బరువు 500 గ్రాములకు తగ్గకూడదు. మ్యాచ్ పిస్టళ్లను సరిగ్గా ఆ 500 దగ్గరే పెట్టుకోవచ్చు, ట్రిగ్గర్ ఎంత దూరం కదలాలో, ఎక్కడ ఆగాలో కూడా సర్దుకోవచ్చు. చవక స్ప్రింగ్ పిస్టళ్లలో ట్రిగ్గర్ చాలా బరువు, పైగా ఎక్కడ విడుదలవుతుందో వేలికి తెలియదు.

అన్నిటికంటే ముఖ్యమైనది డ్రై ఫైరింగ్, అంటే పెల్లెట్ లేకుండా ఉత్తగా ట్రిగ్గర్ సాధన. పెద్ద షూటర్ల సాధనలో ఇది పెద్ద భాగం. ఇంట్లో తెల్లగోడ ముందు నిలబడి, గురి పెట్టి, ట్రిగ్గర్ వదిలినప్పుడు ముందు సైటు కదిలిందా లేదా అని చూసుకోవడం. మ్యాచ్ పిస్టళ్లలో దీనికోసమే ఏర్పాటు ఉంటుంది. గాలి ఖర్చు కాదు, పెల్లెట్ ఖర్చు కాదు. స్ప్రింగ్ పిస్టల్‌ను పెల్లెట్ లేకుండా కాలిస్తే పిస్టన్ ఎదురుగాలి లేక వెళ్లి గుద్దుకుంటుంది, సీలూ స్ప్రింగూ పాడవుతాయి. అంటే సొంత పిస్టల్ ఇంట్లో ఉంటే వచ్చే అతి పెద్ద లాభం ఆ 30 వేల పిస్టల్ ఇవ్వలేదు. ఏడాది తర్వాత అమ్ముదామంటే అడ్డికి పావుశేరుకు కూడా అడిగేవాళ్లుండరు. పోటీల్లోకి దిగిన ఏ పిల్లా దాన్ని కొనదు.

కోచ్‌గారు చెప్పింది తప్పని కాదండి. ఆయన చివరికి చేరాల్సిన చోటు చెబుతున్నారు. పాప అక్కడికి ఎప్పుడు చేరుతుందన్నదే నా లెక్క.

గ్రిప్ గురించి కొంచెం ఎక్కువ చెబుతాను. ఎయిర్ పిస్టల్‌లో షూటర్‌కూ పిస్టల్‌కూ మధ్య ఉన్నది ఆ చెక్క ఒక్కటే. రేంజి పిస్టల్‌కు ఉండే గ్రిప్ సాధారణంగా మీడియమో లార్జో, పెద్దవాళ్ల చేతికి తగ్గది. తొమ్మిదో తరగతి ఆడపిల్ల చేతికి అది వదులుగా ఉంటుంది. వదులు గ్రిప్‌తో ప్రతిసారీ చెయ్యి ఒక్కో చోట కూర్చుంటుంది, పిస్టల్ ఎత్తగానే సైట్లు వాటంతటవి వరసలోకి రావు. మణికట్టు తిప్పి సరిచేసుకోవాలి. 60 షాట్లూ అలా సరిచేసుకుంటూ పోతే 40వ షాటుకే చెయ్యి అలసిపోతుంది. ఇంకొకరి కళ్లద్దాలతో పరీక్ష రాసినట్టుంటుంది పాపం.

ఈ పిస్టళ్లలో చాలావాటికి గ్రిప్ ఒకటి రెండు స్క్రూలతో ఊడివస్తుంది, మళ్లీ బిగించుకోవచ్చు. రేంజిలో ఉన్నది ఏ కంపెనీ, ఏ మోడల్ అని అడగండి. స్టేయర్, మోరిని, వాల్తర్, ఫైన్‌వెర్క్‌బావు లాంటి వాటికి చిన్న, మధ్య, పెద్ద సైజుల్లో, కుడిచేతికీ ఎడమచేతికీ వేరువేరుగా గ్రిప్పులు దొరుకుతాయి. చిన్న సైజుది తెప్పించండి. ఆమె రేంజికి రాగానే తన గ్రిప్ బిగించుకుంటుంది, వెళ్లేటప్పుడు తీసేస్తుంది. కోచ్ ఒప్పుకోవాలి, ఎక్కువమంది ఒప్పుకుంటారు. బొటనవేలి మూల దగ్గర, అరచేతి గుంతలో ఖాళీ ఉంటే వుడ్ పుట్టీ పెట్టి, తగిలేచోట గరుకు కాగితంతో రుద్ది సరిచేస్తారు. ఇది ఒక్కరోజులో తేలే పని కాదు, కొంచెం రుద్దడం, వారం కాల్చడం, మళ్లీ రుద్దడం. కోచ్ దగ్గరుండి చేయించాలి. ఒక్కటి గుర్తుంచుకోండి, గ్రిప్ మణికట్టుకు తగలకూడదు, చేతిని చుట్టేయకూడదు. తగిలితే పోటీలో సామగ్రి తనిఖీ దగ్గరే ఆపేస్తారు.

ఇందులో ఇంకో లాభముంది. పాప చెయ్యి ఇంకా పెరుగుతోంది. ఇప్పుడే పెద్ద మొత్తం పెట్టి పిస్టల్ కొంటే రెండేళ్లలో దానికీ గ్రిప్ మార్చాల్సిందే. ఇప్పుడు గ్రిప్ ఒక్కటే కొంటే, తర్వాత అదే మోడల్ పిస్టల్ వాడినది దొరికినప్పుడు ఈ గ్రిప్ దానికీ పనికొస్తుంది. అందుకే రేంజిలో ఉన్న మోడల్‌నే గుర్తుపెట్టుకోమంటాను.

ఒక్క సందర్భంలో మాత్రం నా మాట మారుతుంది. రేంజిలో ఒకే పిస్టల్‌ను నలుగురైదుగురు పిల్లలు పంచుకుంటూ, ఒక్కొక్కరూ సైటు తిప్పేసి పోతుంటే, లేదా ఊరి బయట పోటీకి పిస్టల్ ఇచ్చేది లేదని రేంజివాళ్లు అంటే, త్వరగా కొనాల్సిందే. ఈ రెండూ కోచ్‌ను సూటిగా అడగండి. మీ ప్రశ్నలో ఈ వివరం లేదు గానీ ధర కంటే ఇదే ముఖ్యం.

ఇప్పుడు డబ్బు. రెండు లక్షలకు మీకు ఇంకా లక్షా 55 వేలు కావాలి. నెలకు 5 వేల చొప్పున 31 నెలలు. అప్పటికి పాప ఇంటర్‌లో ఉంటుంది. వాడిన మ్యాచ్ పిస్టల్ కొత్తదాని ధరలో సగానికి దొరికిందనుకుంటే, లక్ష లోపే అవుతుంది, ఏడాదిలోపు చేరుకుంటారు. కానీ ఆ 5 వేలల్లోంచే పెల్లెట్లూ పోతున్నాయా? వారానికి నాలుగు రోజులు, రోజుకు 60 అనుకున్నా నెలకు దాదాపు వెయ్యి పెల్లెట్లు. టిన్నుకు 500 కాబట్టి నెలకు రెండు టిన్నులు. దాని మీద రేంజి ఫీజు, పోటీల ఎంట్రీ, బస్సులు, బస. అన్నీ కలిస్తే తడిసి మోపెడవుతుంది. పిస్టల్ కొనేసి పెల్లెట్లకు డబ్బుల్లేక వారానికి ఒక్కరోజే కాల్చే పిల్లల్ని నేను చూస్తూనే ఉన్నాను. అందుకే ముందు ఏడాదికి సరిపడా సాధన ఖర్చు పక్కన పెట్టి, మిగిలిందే పిస్టల్ డబ్బు అనుకోండి. ఇప్పుడు 520 దగ్గర ఖరీదైన మ్యాచ్ పెల్లెట్లు అక్కర్లేదు, సాధన రకం చాలు. చీటీ వేస్తానంటే వేయండి, మంచి పద్ధతే. పాట పాడి ముందే ఎత్తుకోకండి. బంగారం తాకట్టు మాత్రం వద్దు.

ఇంటర్ మాట వచ్చింది కాబట్టి అదీ అడుగుతాను. పదో తరగతి అయ్యాక ఆమెను ఎక్కడ చేరుస్తారు? పొద్దున ఆరింటి నుంచి రాత్రి పదింటి దాకా స్టడీ అవర్లుండే రెసిడెన్షియల్ కాలేజీలో అయితే ఆ రెండేళ్లూ పిస్టల్ బీరువాలోనే. మన వైపు షూటింగ్ మానేసిన పిల్లల్లో ఎక్కువమంది సరిగ్గా అక్కడే మానేశారు. కోపం రావచ్చు గానీ, రెండు లక్షలు పెట్టే ముందు ఇంట్లో కూర్చుని తేల్చుకోవాల్సింది ఇది. సాయంత్రాలు రేంజికి పంపే కాలేజీలో చేర్చాలని నిర్ణయించుకుంటే, అప్పుడు మంచి పిస్టల్‌కు డబ్బు పెట్టడంలో అర్థముంది. రాష్ట్ర పోటీ, ఆ తర్వాత సౌత్ జోన్, మావలంకర్ పోటీ, జాతీయ పోటీ, ఇవన్నీ చదువుల నెలల్లోనే వచ్చి పడతాయి. (ఈ మావలంకర్ మన తొలి లోక్‌సభ స్పీకరే. 1951లో జాతీయ రైఫిల్ అసోసియేషన్ ఏర్పడింది ఆయన చొరవతోనే.)

వాడినది కొనేటప్పుడు చూడాల్సినవి చెబుతాను. మొదట సిలిండర్. ఇందులో గాలి 200 బార్ పీడనంతో ఉంటుంది, అంటే కారు టైరులో ఉండేదానికి దాదాపు వంద రెట్లు. సిలిండర్ మీద తయారైన తేదీ చెక్కి ఉంటుంది. చాలా కంపెనీలు దానికి పదేళ్ల గడువు ఇస్తాయి. గడువు దాటిన సిలిండర్ ప్రమాదం, పోటీల్లోనూ ఇబ్బంది పెడతారు. నాకు తెలిసిన ఒకాయన బేరం బాగుందని కొన్నాడు. ఇంటికొచ్చాక చూస్తే రెండు సిలిండర్లూ గడువు తీరినవే. కొత్తవి కొనేసరికి బేరంలో మిగిలిందంతా పోయింది. కాబట్టి ఫోన్లో ధర అడిగే ముందు సిలిండర్ తేదీ ఫొటో అడగండి.

రెండోది లీకు. సిలిండర్ నింపి పిస్టల్‌కు బిగించి రాత్రంతా ఉంచండి. తెల్లారి మీటరు ముల్లు పడిపోయి ఉంటే సీళ్లు పోయినట్టే. సీళ్లు పెద్ద ఖర్చు కాదు, మార్చేవాళ్లను వెతుక్కోవడమే కష్టం. మా వాళ్ల పిస్టళ్లు చెన్నైకో హైదరాబాద్‌కో పంపుతుంటాం, వారాలు పడుతుంది. అందుకే మీకు మెకానికల్ ట్రిగ్గర్ ఉన్నదే చెబుతాను. ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్ వేలికి హాయిగా ఉంటుంది, కాదనను. కానీ అందులో ఏదైనా పోతే మన దగ్గర చేసేదేమీ ఉండదు. ఎంత మంచి పిస్టలైనా మొరాయిస్తుందని 2021లో టోక్యో ఒలింపిక్స్ చూసినవాళ్లకు తెలుసు. క్వాలిఫికేషన్ మధ్యలో మను భాకర్ పిస్టల్ ఆగిపోయి విలువైన సమయం పోయింది. 575తో 12వ స్థానంలో ఆగి ఫైనల్ పోగొట్టుకుంది. మూడేళ్లకు పారిస్‌లో అదే ఈవెంట్‌లో కాంస్యం గెలిచింది. ఆమె వెనక సరిచేసే మనుషులున్నారు. మీకు తిరుపతిలో ఉండేది మీరూ, కోచ్‌గారూ.

మూడోది, కార్బన్ డయాక్సైడ్‌తో పనిచేసే పాత మ్యాచ్ పిస్టళ్లు చవకగా వస్తాయి. వద్దు. ఆ గ్యాస్ పీడనం ఎండకు పెరుగుతుంది, చలికి తగ్గుతుంది. మన ఏప్రిల్, మే ఎండల్లో పొద్దున ఒక చోట పడిన పెల్లెట్ మధ్యాహ్నం ఇంకోచోట పడుతుంది. గాలి సిలిండర్‌ను కూడా ఎండలో నిలిపిన కారులో, స్కూటర్ డిక్కీలో వదిలేయకండి. నింపడం రేంజిలోనే చేయించండి. చేతిపంపుతో నింపితే గాలిలోని తేమ లోపలికి పోయి తుప్పుకు దారితీస్తుంది.

కాంపాక్ట్ లేదా షార్ట్ అని పిలిచే చిన్న గొట్టం మోడళ్లు కూడా ఉంటాయి. పాప సన్నగా ఉంటే వాటిని చూడండి, బరువు ముందుకు లాగదు. ఏదైనా సరే, ఆమె చేతితో 40 షాట్లు కాల్చకుండా డబ్బు ఇవ్వకండి. మొదటి పది షాట్లకు అన్నీ బాగానే ఉంటాయి.

బావమరిదిగారి సంగతి. దయచేసి బ్యాగులో పెట్టుకుని రావొద్దని చెప్పండి. ఎయిర్ పిస్టల్ దిగుమతికి అనుమతి పత్రాలుండాలి. అవి లేకుండా తెస్తే చెన్నై ఎయిర్‌పోర్టులో కస్టమ్స్‌వాళ్లు ఆపుతారు, పిస్టల్ పోవడమే కాదు, కేసు కూడా అవుతుంది. ఆయనకు సాయం చేయాలనుంటే డబ్బు పంపమనండి, పెల్లెట్లకు పనికొస్తుంది.

లైసెన్సు గురించి మీరు అడగలేదు గానీ ఇంట్లో పెద్దవాళ్లు అడుగుతారు. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం బోరు, అంటే గొట్టం లోపలి వ్యాసం, 4.5 మిల్లీమీటర్లు దాటకుండా, శక్తి 20 జౌళ్లలోపు ఉండే ఎయిర్ పిస్టల్‌కు లైసెన్సు అక్కర్లేదు. పోటీ పిస్టళ్లు ఆ పరిమితికి చాలా కింద ఉంటాయి. అయినా బిల్లు మీ పేరున ఉండాలి. వాడినదైతే అసలు బిల్లు కాపీ, అమ్మినవాళ్ల సంతకంతో ఒక కాగితం తీసుకోండి. బిల్లు లేదంటే ఆ బేరం అక్కడితో వదిలేయండి. బస్సులో, రైల్లో పెట్టెలోనే ఉండాలి, సిలిండర్ విడిగా, బిల్లూ షూటింగ్ అసోసియేషన్ కార్డూ చేతికందేలా. ప్లాట్‌ఫారం మీద పెట్టె తెరిచి ఫ్రెండ్స్‌కు చూపించొద్దని పాపకు గట్టిగా చెప్పండి, దూరం నుంచి చూసేవాళ్లకు అది నిజమైన తుపాకీయే. పోటీ అయ్యాక అటునుంచి అటే కొండకు వెళ్లి దర్శనం చేసుకుందామనుకుంటే పిస్టల్ పెట్టె అమ్మమ్మగారింట్లో పెట్టి బయల్దేరండి. అలిపిరి తనిఖీలో బ్యాగులన్నీ చూస్తారు, అక్కడ ఏ కార్డూ పనిచేయదు.

ఈ వారం మీరు చేయాల్సింది రేంజికి వెళ్లి పిస్టల్ మోడల్ పేరు రాసుకోవడం, పాప ఆ గ్రిప్ పట్టుకున్నప్పుడు రెండు వైపుల నుంచీ ఫొటోలు తీయడం. వాటిని ఇక్కడే పెట్టండి. ఏ సైజు సరిపోతుందో, ఎక్కడ పుట్టీ పెట్టాలో చూసి చెబుతాను.